పేటంతటికీ ఒక్కడే అల్లుడు

ఆమెను పేటలో అందరూ అత్తగారనే పిలిచేవారు. పాలగిన్నె పట్టుకొచ్చే చిన్నపిల్లల నుంచి పళ్లూడిన ముసలాళ్ల దాకా అందరికీ ఆమె అత్తగారే. వరస కలిసి కాదు. రైలుకట్ట వెంబడి ఒకదాని వీపుకొకటి ఆనించి కట్టిన ఆ ఇళ్లలో ఎవరి పెరట్లో మేక ఎదకొచ్చినా, మెడకు తాడు కట్టి తీసుకొచ్చేది ఆమె దొడ్డికే. అక్కడ ఒక తెల్ల మేకపోతు ఉండేది. పేటలోని ఆడమేకలన్నిటికీ అదొక్కటే దిక్కు కాబట్టి దానికి అల్లుడుగారని పేరొచ్చింది. లెక్క ప్రకారం పోతును పెంచే మనిషిని వియ్యపురాలనాలి. కానీ ఆమె నోరు ఒక్కసారి విన్నవాళ్లకు అత్తగారు తప్ప మరో మాట తోచేది కాదు.

ఆ పోతుకూ అల్లుడి లక్షణాలన్నీ ఉండేవి. పిలవందే కదిలేది కాదు. ఏం పెట్టినా ముందు మూతి తిప్పి, తర్వాత గిన్నె కూడా మిగల్చకుండా తినేది. పాలరాతి తెలుపు, మోకాళ్లను తాకే చెవులు, కుచ్చు కట్టినట్టు వేలాడే గడ్డం. వాసన మాత్రం తనకన్నా ముందు వీధి మలుపు దాకా ఎదురొచ్చేది.

పోతును వాడుకున్నందుకు అత్తగారు ఏమీ పుచ్చుకునేది కాదు. పిల్లలు పుట్టి గెంతులేసే వేళకు ఇంటింటికీ వెళ్లి పరకాయించి చూసేది. నచ్చిన మగపిల్ల కనబడితే చంకనేసుకుని వచ్చేసేది. అదే ఒప్పందం. ఆమెకు నచ్చేదేమిటో పేటంతటికీ తెలుసు: అందరికన్నా తెల్లగా, అందరికన్నా పొడుగు చెవులతో, అచ్చం తండ్రిని దింపినట్టుండేది. పాత పోతు ముసలిదైతే దాని స్థానంలో ఆ పిల్ల కూర్చునేది. అంటే అల్లుడుగారు అన్నది పేరు కాదు, పదవి. తండ్రి నుంచి కొడుక్కి నడిచే పదవి. ఇప్పుడున్నది మూడో ఆయన.

పేటవాళ్లకూ అదే కావాలి. గోధుమ రంగు మచ్చ ఒక్కటి కనబడినా ముఖం మాడ్చుకునేవాళ్లు. "మాది కల్తీలేని జాతి" అని పాలు కొనడానికొచ్చిన పైపేట వాళ్లకు గొప్పగా చెప్పుకునేవాళ్లు. పైపేట వాళ్లు తమ గుమ్మంలోకి రానివ్వని మనుషులే ఆ మాట అనడం ఎంత విడ్డూరమో ఎవరికీ తట్టలేదు. గొప్ప అనేది ఎంత చిన్నదైనా సరే, దొరికితే వదులుకోబుద్ధి కాదు కదా.

ఆ ఏడు మేకలు ఈనే వేళకి గొడవ మొదలైంది. పొద్దున్నే లాండ్రీ ఆవిడ తువ్వాలులో చుట్టిన మేకపిల్లను తెచ్చి అత్తగారి ఒళ్లో పడేసింది.

"చూడండి మీ అల్లుడి నిర్వాకం!"

పిల్ల తెల్లగా, ముద్దుగా ఉంది. కింది దవడ మాత్రం కురచ. చన్ను నోట్లో పెడితే పట్టు దొరక్క జారిపోతోంది. ఆకలికి అరుద్దామన్నా గొంతులో సత్తువ లేదు.

"మా అల్లుడేం చేశాడే? నీ మేకకి నువ్వేం పెట్టావో అది చెప్పు ముందు. సబ్బునీళ్లు తాగించావా?"

"సబ్బునీళ్లకి బట్టలు తెల్లబడతాయి అత్తగారూ, దవడలు కురచ అవుతాయా?"

"నీ నోరు కురచైతే బాగుండేది. ఇలా ఇవ్వు."

పిల్లను ఉంచేసుకుంది. సూది తీసేసిన సిరంజితో బొట్టుబొట్టుగా పాలు పట్టసాగింది. కానీ అదొక్కటే అయితే సరిపోయేది. బేకరీ వాళ్ల మేకకు రెండు పుడితే రెండూ అలాగే. మేస్త్రీ గారింట్లో పుట్టింది లేచి నిలబడనే లేదు. కొందరు కట్ట అవతలి ఫ్యాక్టరీ నీళ్లన్నారు, కొందరు దిష్టన్నారు. అత్తగారు ఫ్యాక్టరీ నీళ్ల పక్షం వహించి, ఆ ఫ్యాక్టరీ వాడిని నాలుగు రోజులు గేటు ముందు నిలబడి దులిపేసింది. ఆ తిట్లకు వాళ్లు అర్హులే, ఆ నీళ్లు అంత కంపు కొట్టేవి. కాకపోతే ఈ పాపం మాత్రం వాళ్లది కాదు.

ఆఖరికి పిల్లను బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లింది. ఫినాయిలు వాసనేసే ఒక్క గది. రబ్బరు బూట్లేసుకున్న డాక్టరమ్మ పిల్ల నోరు తెరిచి వేలు పెట్టి చూసింది.

"దీని తండ్రెవరు అత్తగారూ?"

"ఎవరేమిటి? అల్లుడుగారు."

"దీని తల్లికి తండ్రి?"

"అల్లుడుగారే. అంటే ఈయన కాదు, ఈయన నాన్న."

"ఆ తల్లి తల్లికి?"

"ఆయనకి నాన్న."

"మరి ఈ అల్లుడుగారి తల్లి ఎవరి కూతురు?"

అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అది కూడా మొట్టమొదటి అల్లుడుగారి కూతురే.

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "మీ పేటలో ఇంకెవరూ మగాళ్లే లేరా?"

"ఎందుకు లేరు? మంచి రక్తం కావాలనే బయటిదాన్ని రానివ్వలేదు. ఒక్క చుక్క పరాయిది కలవలేదు డాక్టరమ్మా!"

"అదే అత్తగారూ జబ్బు. ప్రతి ప్రాణిలోనూ పైకి కనబడని లోపాలు కొన్ని దాక్కుని ఉంటాయి. మీలో, నాలో, అందరిలో. బయటి సంబంధం అయితే ఒకరి లోపాన్ని ఇంకొకరి మంచి కప్పేస్తుంది. అంతా ఒక్క ఇంటివాళ్లే అయితే దాక్కున్న లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకుంటుంది. మీరు తెలుపును ఏరుకున్నారు. తెలుపుతోపాటు ఈ దవడ కూడా వచ్చింది."

అత్తగారికి అది తన పెంపకాన్ని అన్నట్టనిపించింది. బుట్ట తీసుకుని, చెప్పకుండా వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి కూతురు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ పిల్ల అక్కడ కత్తిరింపు పని చేస్తుంది. తండ్రి, సిటీ బస్సు డ్రైవరు, రోజంతా హారను విని విని ఇంట్లో మాట అన్నదే మర్చిపోయిన మనిషి, పక్కనే పేపరు చూస్తున్నాడు.

"లోపాలు దాక్కుంటాయిట!" అంది అత్తగారు బుట్ట దించుతూ. "అవేమన్నా దొంగలా, దాక్కోడానికి?"

సంగతంతా విని కూతురు లేచి కూర్చుంది. "దాక్కుంటాయమ్మా. మా దగ్గర కాలరు కత్తిరించడానికి అట్ట నమూనాలు రెండుంటాయి. ఒకదాని మూల తప్పినా, రెండోది బాగుంటే దాంతో పని జరిగిపోతుంది. చొక్కా బాగానే వస్తుంది. తప్పిన అట్ట ఉన్న సంగతి ఎవడికీ తెలీదు. ప్రాణికి కూడా అంతేనట, అమ్మిచ్చిన అట్ట ఒకటి, నాన్నిచ్చింది ఒకటి. మరి ఆ ఇద్దరూ ఒకే పాత అట్ట చూసి కోసుకున్నవాళ్లయితే?"

"రెండూ మూల తప్పినవే వస్తాయి."

"వచ్చి తీరతాయని కాదు. రావచ్చు." కూతురు మెల్లగా అంది. "అమ్మా, బావకీ నాకూ అట్టలెవరిచ్చారు?"

డ్రైవరు పేపరు కొంచెం పైకి లేపి దాని వెనక్కి వెళ్లిపోయాడు.

బావ అంటే అత్తగారి అన్నయ్య కొడుకు. ఆ పెళ్లి పిల్లలిద్దరూ పాకుతున్నప్పుడే ఖాయమైపోయింది. వచ్చే ఆదివారం అన్నయ్య వచ్చి మాట ఖరారు చేసుకుని వెళ్లాలి. ఇందులో కొత్తేమీ లేదు. అత్తగారి మొగుడు ఆమెకు మేనత్త కొడుకు. ఆ మేనత్త కూతురే అన్నయ్య పెళ్లాం. ఒకే రోజు, ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి.

"మనుషులూ మేకలూ ఒకటా?" అని అరిచింది అత్తగారు. "నోరు మూసుకుని అన్నం తిను."

అరిచింది గానీ, మర్నాడు పొద్దున మేకపిల్లకు సిరంజితో పాలు పడుతుంటే చెయ్యి ఆగిపోయింది. పిల్ల తల ఆమె మోచేతి మీద వాలిపోయి ఉంది. అలా వాలిన తల ఇంకొకటి ఆమెకు తెలుసు. కూతురికన్నా ముందొకడు పుట్టాడు. మెడ నిలవలేదు. పాకే వయసు రాకుండానే పోయాడు. "నీ పాలు మంచివి కావే" అని మేనత్త, అంటే మొగుడి తల్లి, తలుపు దగ్గర నిలబడి అన్న మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊరంతటికీ పాలు పోసే మనిషి, రోజూ గిన్నె నింపుతూ ఆ మాట మోస్తూనే ఉంది. కూతురికి పాలిచ్చిన ప్రతిసారీ భయపడుతూనే ఇచ్చింది. తర్వాత కొన్నాళ్లకు అన్నయ్య ఇంట్లోనూ మొదటి బిడ్డ అలాగే పోయింది. అప్పుడూ పెద్దవాళ్లు వేలెత్తి చూపింది తల్లినే. బిడ్డ పోతే తల్లినీ, వర్షం రాకపోతే ఆకాశాన్నీ తిట్టడం మనకు అలవాటు. ఆకాశమైతే పట్టించుకోదు.

ఆమె మళ్లీ ఆసుపత్రికి వెళ్లింది. ఈసారి బుట్ట లేదు. డాక్టరమ్మ కుక్కపిల్లకు కట్టు కడుతోంది.

"ఒక మేక ఉందనుకోండి," అని మొదలుపెట్టింది అత్తగారు, గోడవైపు చూస్తూ.

"ఉంది."

"దాని మొగుడు దాని మేనత్త కొడుకు."

డాక్టరమ్మ తలెత్తింది. "ఆహా."

"ఆ మేనత్త కూతుర్ని ఈ మేక అన్నయ్య చేసుకున్నాడు."

"మేక అన్నయ్య."

"అవును. వాళ్లకో కొడుకు, వీళ్లకో కూతురు. ఇప్పుడు వాళ్లిద్దరికీ చెయ్యొచ్చా?"

"ఈ మేకలకి పెళ్లిళ్లు కుదిర్చిందెవరు అత్తగారూ?"

"వాళ్ల నాన్నలు!"

డాక్టరమ్మ కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈసారి నవ్వలేదు. "మనుషుల సంగతి మనుషుల డాక్టరు చెప్పాలి. మేకల లెక్కే చెప్తాను. ఆ పిల్లకీ పిల్లాడికీ తాతలూ, నానమ్మలూ, అమ్మమ్మలూ అంతా వాళ్లే. ఒకరు నానమ్మ అనే మనిషినే ఇంకొకరు అమ్మమ్మ అంటారు, అంతే తేడా. మీరు వాళ్లని బావామరదళ్లంటున్నారు. రక్తం లెక్కలో వాళ్లు ఒకే తండ్రికి ఇద్దరు తల్లులకి పుట్టిన అన్నాచెల్లెళ్లంత దగ్గర. ఇంకాస్త ఎక్కువే."

"అలా చేసుకున్న వాళ్లకి పిల్లలు బాగానే పుడుతున్నారుగా?"

"చాలామందికి బాగానే పుడతారు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ దాక్కున్నవి కలుసుకునే ప్రమాదం మామూలుకన్నా బాగా ఎక్కువ. ఆ మేకకి ఇంతకు ముందు ఏమైనా..."

"మొదటిది పోయింది. మెడ నిలవలేదు. దాని అన్నయ్య ఇంట్లో కూడా."

"ఒకేలాగా?"

అత్తగారు తలూపింది. "ఆ మేక పాలు మంచివి కావన్నారు."

"పాలకి ఏ పాపం తెలీదు అత్తగారూ. అలాంటిదే అయితే తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వచ్చి కలవాలి. ఒక్కరి వల్ల అయ్యేది కాదు, ఎవరూ కావాలని చేసింది కాదు. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి చూస్తారు. ఆ మేకని ఒకసారి వెళ్లమనండి."

అత్తగారు లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మేక కాదు డాక్టరమ్మా," అంది.

"తెలుసండీ."

ఆదివారం దాకా ఆగే ఓపిక లేక ఆ సాయంత్రమే అన్నయ్య ఇంటికి బయల్దేరింది. కూతురు వెంటపడి వచ్చింది. ఆ రూటు బస్సు మొగుడిదే. "ఎక్కండి," అన్నాడు. దారి పొడుగునా అంతకు మించి మాట్లాడలేదు. అన్నయ్య వీధి మలుపులో స్టాపు లేకపోయినా బస్సాపాడు. ఉద్యోగంలో ఆయన చేసిన మొదటి తప్పు అదే అయ్యుండాలి.

అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. ముందు గదే దుకాణం. గోడనిండా తాళంచెవులు. పక్కన మేనల్లుడు తన వ్యాను టైరు విప్పుకుంటున్నాడు. వదిన లోపల్నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఈ పెళ్లి వద్దన్నయ్యా," అంది అత్తగారు కూర్చోకుండానే. మేకల దగ్గర మొదలుపెట్టి, మూడు తరాల అల్లుళ్లను చుట్టి, అట్టలూ దవడలూ అన్నీ కలిపి ఒక్క ఊపులో చెప్పేసింది.

అన్నయ్య చేతిలో ఆకురాయి కింద పడేశాడు. "నా కొడుకుని మేకపోతంటావటే?"

"మేకపోతనలేదు, మేకపోతులాగా అన్నాను!"

"ఎంత మర్యాదే! మన తాళానికి మన చెవే పట్టాలని మన పెద్దవాళ్లు చేసిన ఏర్పాటిది. బయటి చెవి పెడితే తాళం పాడవుతుంది."

"నాన్నా, నీ బతుకంతా బయటివాళ్ల తాళాలకి చెవులు చెయ్యడమేగా," అన్నాడు మేనల్లుడు టైరు వెనకనుంచి.

"నువ్వు నోర్ముయ్!"

"ఏమే, నీ పిల్లకి వేరే సంబంధం దొరికిందా? అది చెప్పు, మేకల మీదెందుకు తోస్తావు?" అన్నాడు అన్నయ్య చెల్లెలి వైపు తిరిగి.

అప్పుడు వదిన మాట్లాడింది. ఆ ఇంట్లో వదిన గొంతు గిన్నెల చప్పుడుకన్నా పైకి లేచిన రోజు లేదు.

"మన మొదటిది ఎలా పోయిందో చెప్పమంటారా?" అంది మొగుడితో. తర్వాత అత్తగారి వైపు చూసింది. "అమ్మాయ్, నీ పాలు మంచివి కావని మా అమ్మ అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నేనూ నమ్మాను. నీ చేతి పాలు మా ఇంట్లోకి రానివ్వలేదు. తర్వాత నా బిడ్డ పోయినప్పుడు మా అమ్మ అదే మాట నన్నూ అంది. అప్పుడు నీ దగ్గరికి రావాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని వస్తాను?"

గోడ మీద తాళంచెవులు రైలు పోతున్న అదురుకు గలగలమన్నాయి.

"పాల వల్ల కాదు వదినా," అంది అత్తగారు. పేట దద్దరిల్లే ఆ గొంతు అంత చిన్నదవగలదని కూతురికి అప్పుడే తెలిసింది. "నీవీ కాదు, నావీ కాదు."

అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. ఆకురాయి వంగి తీసుకుని, "అయితే మాట తప్పమంటావు," అన్నాడు గానీ అందులో పదును పోయింది.

"మామయ్యా," అంది కూతురు, "అమ్మ మేకల లెక్క చెప్పి వద్దంటోంది. మీరు తాళాల లెక్క చెప్పి కావాలంటున్నారు. జత కట్టేటప్పుడు మేకని ఎవరూ అడగరు. నన్ను అడగొచ్చుగా?"

ఎప్పుడూ ఎవరూ ఆ పని చెయ్యలేదని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అత్తగారికి కూడా. కుదిర్చినప్పుడు తనే కుదిర్చింది, ఇప్పుడు చెడగొట్టడానికీ తనే పరుగెత్తుకొచ్చింది. రెండుసార్లూ పిల్ల వెనకే నిలబడి ఉంది.

"అడుగుతున్నానే," అంది. "నీకిష్టమేనా?"

"ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. బావతో దెబ్బలాడ్డం తప్ప ఇంకేదీ నాకు తోచదు."

టైరు వెనకనుంచి గాలి దిగినట్టు పెద్ద నిట్టూర్పు వినబడింది.

"అంత ఊపిరి వదలక్కర్లేదు బావా!" అని కూతురు మండిపడింది. "ఏం, నేనంత తీసిపారేసినట్టున్నానా?"

"అమ్మా తల్లీ, అది టైరే," అన్నాడు మేనల్లుడు. టైరు మాత్రం గట్టిగానే ఉంది.

అలా ఆ పెళ్లి ఆగిపోయింది. అన్నయ్య కొన్ని వారాలు చెల్లెలితో మాట్లాడలేదు. చిత్రమేమిటంటే అదే అన్నయ్య, పక్కింటివాడు మేనకోడల్ని కోడలిగా చేసుకుంటానంటే రక్తపరీక్షల గురించి గంటసేపు ఉపన్యాసమిచ్చాడట.

తర్వాత అల్లుడుగారి బదిలీ. గుట్టల అవతల గొర్రెలూ మేకలూ పెంచే ఒకాయన దగ్గర వేరే జాతి పోతు ఉందని డాక్టరమ్మ చెప్పింది. "పరాయిదైతే చాలదు, ఒద్దికైంది కావాలి. మరీ భారీ జాతిని తెస్తే పిల్ల పెద్దదై మీ మేకలు ఈనలేక అవస్థపడతాయి," అని తనే వెళ్లి చూసి ఎంచింది. పోతుకు పోతు మారకం. మేనల్లుడే వ్యాను తెచ్చాడు. అల్లుడుగారు ఎక్కనని భీష్మించుకుంటే ముందునుంచి కూతురు, వెనకనుంచి మేనల్లుడు తోశారు, ఒకరినొకరు తిట్టుకుంటూ.

సాయంత్రానికి వ్యాను తలుపు తీస్తే దిగింది చూసి పేటంతా మూతి ముడిచింది. గోధుమ రంగు. పొట్టి చెవులు. ఒక కొమ్ము పక్కకి తిరిగింది. దిగీ దిగగానే మేనల్లుడి చొక్కా అంచు నమిలేసింది.

"ఎక్కడిదో, ఏ జాతిదో," అంది లాండ్రీ ఆవిడ, వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన వాళ్లను చూసే చూపు చూస్తూ.

"నిన్ను పైపేటలో అలాగే అంటారు," అంది అత్తగారు. "బాగుంటుందా వినడానికి?"

లాండ్రీ ఆవిడ ఆ మాటకు రెండు రోజులు అలిగి, మూడో రోజు మేకను తోలుకొచ్చింది.

ఆ మేక చలికాలం చివర ఈనింది. సిరంజి పాలతో పెరిగిన కురచ దవడ పిల్ల అప్పటికి అత్తగారి వెనకే తిరుగుతూ, గడ్డి పక్కనుంచి కొరుక్కు తినడం నేర్చుకుంది. దాన్ని ఎవరికీ జత కట్టించనని, మిగతా మర్యాదలన్నీ చేస్తానని ఆమె ప్రకటించింది.

పిల్ల పుట్టిందని తెలిసి వదిన వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి. ముందు రోజే ఇద్దరూ పెద్దాసుపత్రిలో రక్తం ఇచ్చి వచ్చారు, మోచేతి మడతలో దూది ఇంకా అంటుకుని ఉంది. పిల్లలు ఎవరిని చేసుకున్నా వాళ్లకు తెలిసుండాలని ఇద్దరూ అనుకున్నారు. అత్తగారి దొడ్డి గోడను ఆనుకున్న లాండ్రీ వాళ్ల పెరట్లో పీటేసుకుని పక్కపక్కన కూర్చున్నారు. మేకపిల్ల ఒళ్లంతా తెలుపూ గోధుమా కలగాపులగం. ఎవరో రంగు చేతులు తుడుచుకున్నట్టుంది. ఒక చెవి పొడుగ్గా, ఒకటి ఎటూ కాకుండా ఉంది. తడి ఆరకుండానే లేచి, పడి, లేచి, తల్లి పొదుగును తలతో ఒక్క కుమ్ము కుమ్మి చన్ను పట్టుకుంది.

"గట్టిగానే లాగుతోంది," అంది వదిన.

"ఊ."

"దీన్ని తర్వాత అల్లుడుగారిని చేస్తావా?"

"చెయ్యను. గెంతులేసే వేళకి దీనికి చుట్టాలే లేని ఊరికి పంపేస్తాను. అక్కడివాళ్లకి అల్లుడవుతాడు." అని అత్తగారు చేతిలో పాలగ్లాసు వదిన వైపు జరిపింది. తన మేక పాలు, పొద్దున కాచినవి.

వదిన తీసుకుంది. ఒక గుక్క తాగి, "కొంచెం చక్కెర వెయ్యాల్సింది," అంది.

"పీనాసి ఇంటికొచ్చావా వదినా, అడగొచ్చుగా!" అని అత్తగారు పేటంతా వినబడేలా అరిచి, చక్కెర కోసం లేచింది.